ఆఠీను వద్దన్నాడు, ఇస్పేటు పెట్టించాడు: శాండ్‌గేట్‌లో వెల్స్ ఇల్లు

కడలి_కబురు
అందరికీ నమస్కారం. నేను కెంట్‌లో ఉంటాను, సొంతూరు భీమిలి. మొన్న ఆదివారం ఫోక్‌స్టన్ నుంచి సముద్రం వెంబడి నడుచుకుంటూ పడమరగా శాండ్‌గేట్ దాకా వెళ్లాను. అక్కడ కొండవాలు మీద స్పేడ్ హౌస్ ఉంది. టైమ్ మెషీన్, అదృశ్య మనిషి కథలు రాసిన హెచ్.జి. వెల్స్ 1900 చివర్లో ఈ ఇంట్లోకి వచ్చి 1909 దాకా ఉన్నాడు. కట్టింది సి.ఎఫ్.ఎ. వాయ్‌జీ. యంత్రాల సరుకు వద్దు, చేతిపనే ముద్దు అన్న ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమం ఆర్కిటెక్టుల్లో పెద్ద పేరు.

లోపలికి వెళ్లడానికి కుదరదు, రోడ్డు మీంచే చూశాను. నిజం చెప్పాలంటే మొదట నిరాశ పడ్డాను. చంద్రుడి మీదికి ప్రయాణాలు, అంగారక గ్రహవాసులు రాసినాయన ఇల్లంటే ఏదో ఊహించుకుని వెళ్తానా, తెల్ల గోడలు, దిగువకు జారిన కప్పు, గోడలకు వాలుగా ఆనించిన దిమ్మలు! మా తాతగారి ఊళ్లో ధాన్యం కొట్టుకి తెల్లసున్నం వేస్తే ఇలాగే ఉంటుంది.

భవిష్యత్తు గురించి రాసే మనిషి ఇంత పల్లెటూరి ఇల్లు ఎందుకు కట్టించుకున్నాడు? తెలిసినవాళ్లు చెప్పండి.

ఇస్పేటు_రాణి
నా పేరు చూసి పిలిచారనుకుని వచ్చాను 😀 ఇంతకీ స్పేడ్ హౌస్ అంటే "పార ఇల్లు" అనా? తోటపని పిచ్చి ఉండేదా ఆయనకి?

విశ్రాంత_మాస్టారు
పార కాదమ్మా, నీ పేరే. పేకముక్కల్లో ఇస్పేటు.

వాయ్‌జీకి హృదయం గుర్తంటే, అదే పేకలో ఆఠీనంటే, మహా ఇష్టం. తలుపు కీలు పట్టీల చివర్లో, తాళం రంధ్రం దగ్గర, కుర్చీ వీపుల్లో, ఎక్కడ సందు దొరికితే అక్కడ ఓ హృదయం కోసేవాడు. వెల్స్ ఇంటి ముందు తలుపుకు ఉత్తరాలు వేసే పలక కూడా హృదయం ఆకారంలో పెడతానన్నాడు. నా హృదయాన్ని అలా వీధి తలుపు మీద తగిలించుకోలేను బాబూ అని వెల్స్ అడ్డం తిరిగాడు. చివరికి ఇద్దరూ ఇస్పేటు దగ్గర రాజీకొచ్చారు. ఈ సంగతి వెల్స్ తన ఆత్మకథలో స్వయంగా రాసుకున్నాడు. ఆఠీనుని తలకిందులు చేసి కింద కాడ తగిలిస్తే ఇస్పేటే కదా! పనివాడికి అచ్చు పెద్దగా మార్చే బాధ కూడా ఉండదు. ఇంటికి పేరు అలా వచ్చింది.

ఇక కడలి గారి ప్రశ్న. అది పల్లెటూరి ఇల్లని ఎవరన్నారు? అది రోగి ఇల్లు.

కడలి_కబురు
రోగి ఇల్లా? కాస్త విడమరచి చెప్పండి మాస్టారూ.

విశ్రాంత_మాస్టారు
1898 వేసవిలో వెల్స్ దంపతులు సైకిళ్ల మీద దక్షిణ తీరానికి బయల్దేరారు. దారిలో ఆయనకు మూత్రపిండాల జబ్బు తిరగబెట్టింది. న్యూ రామ్నీలో తెలిసిన డాక్టరు ఇంట్లో మంచాన పడ్డాడు. వయసు 31. కోలుకున్నాక కూడా ఎక్కువ కాలం బతకననే అనుకున్నాడు. సముద్రపు గాలి మంచిదని శాండ్‌గేట్ చేరి, అద్దె ఇళ్లలో ఉంటూ స్థలం వెతుక్కున్నాడు.

అందుకే ఆర్కిటెక్టుకు చెప్పిన షరతు ఇది: పడకగదులు, పగలు కూర్చునే గదులు అన్నీ ఒకే మట్టంలో ఉండాలి. రేపు చక్రాల కుర్చీలో పడితే మెట్ల బెడద లేకుండా ఒక గదిలోంచి ఇంకో గదికి తోసుకెళ్లాలి. దక్షిణం వైపు, అంటే సముద్రం వైపు, ఎండ కాచుకోవడానికి ఓ వసారా. మన దగ్గర ఎండకు పారిపోతాం, అక్కడ ఎండను పట్టుకోవడానికి వల పన్నాలి.

తమాషా ఏమిటంటే ఆయనకు చక్రాల కుర్చీ అవసరమే పడలేదు. ఆ ఇంట్లో ఉండగానే ఇద్దరు కొడుకులు పుట్టారు, ఇంటిని పెంచాల్సి వచ్చింది. 79 ఏళ్లు బతికి 1946లో పోయాడు. ఇల్లు మాత్రం తర్వాతి కాలంలో వృద్ధులను చూసుకునే నర్సింగ్ హోమ్ అయింది. ఎవరి కోసం గీసిన ప్లాను చివరికి ఎవరికి పనికొచ్చిందో చూడండి.

కొత్తిల్లు2
వావ్. ఇది తెలియదు. 1900లోనే ఇలా ఆలోచించాడంటే గ్రేట్. మొన్న మేం ఫ్లాట్ కొన్నప్పుడు బాత్రూం గడప తీసెయ్యమంటే బిల్డరు నవ్వాడు.

సున్నంబట్టి
నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉంటాను, వరంగల్ వైపు. మాస్టారు మనిషి గురించి చెప్పారు, నేను గోడ గురించి చెబుతా.

కడలి గారూ, మీరు చూసిన ఆ తెల్ల గోడ నున్నగా ఉండదు. దగ్గరికెళ్తే గరుకు. దాన్ని రఫ్‌కాస్ట్ అంటారు. మామూలు గిలాబు తాపీతో మెత్తుతాం. ఇది తాపీతో తీసి గోడ మీదకు విసురుతారు. సన్న గులకలు, ఇసుక కలిపిన పలచటి ముద్ద టపాటపా తగిలి అంటుకుంటుంది. గాలివానలో సముద్రం వైపు గోడకు వాన అడ్డంగా కొడుతుంది చూడండి, ఆ నీళ్లు నున్నటి గోడ మీదైతే ఒకే ధారగా దిగి ఏ పగులు దొరికినా లోపలికి పోతాయి. గరుకు గోడ మీద చెదిరిపోతాయి. ఎండ కాయగానే తొందరగా ఆరిపోతుంది కూడా, ఎందుకంటే పైతలం ఎక్కువ.

రెండోది ఆ వాలు దిమ్మలు, బట్రెస్‌లు. చాలామంది పాత కోటల షోకు అనుకుంటారు. వాయ్‌జీ లెక్క వేరు. గోడంతా మందంగా కడితే ఇటుక ఖర్చు. తొమ్మిది అంగుళాల గోడ కట్టి, బలం కావాల్సిన చోట మాత్రం దిమ్మ ఆనించి, మీద రఫ్‌కాస్ట్ వేస్తే చవకలో వెచ్చటి ఇల్లు వస్తుందని 1880ల చివర్లోనే వాదించాడు. తర్వాత తర్వాత అది ఆయన సంతకం అయిపోయింది, అవసరం ఉన్నా లేకున్నా పెట్టాడని గిట్టనివాళ్లు అంటారు. నాకూ కొన్ని ఇళ్ల ఫొటోలు చూస్తే అదే అనుమానం.

కడలి_కబురు
సున్నంబట్టి గారూ, ఇది చదివాక ఆ గోడను మళ్లీ చూడాలనిపిస్తోంది. ధాన్యం కొట్టు అన్నందుకు లెంపలేసుకుంటున్నా.

సున్నంబట్టి
ఎందుకండీ, మీరన్నది తప్పేం కాదు! వాళ్లు కోరుకున్నది అదే. ఊరి మేస్త్రి తరతరాలుగా కట్టిన కొట్టం, కొట్టు చూసి నేర్చుకోండి అన్నదే ఆ ఉద్యమం.

బందరు_లడ్డు
ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ అంటే దానికి పెద్దదిక్కైన డిజైనర్ విలియం మోరిస్ కదా. ఆయన మాట వస్తే మా బందరు పేరు చెప్పకుండా ఉండలేను 😎

ఆయన పూల డిజైన్లు పాత భారతీయ చీటీగుడ్డలు చూసి నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో కోరమాండల్ తీరం నుంచి, మా మచిలీపట్నం నుంచి కూడా, అద్దకం బట్టలు ఓడల్లో ఇంగ్లండ్ వెళ్లేవి. చిరివేరు ఎరుపు, నీలిమందు. అక్కడి మగ్గాలవాళ్లు గగ్గోలు పెట్టి వాటిని నిషేధించే చట్టాలు తెప్పించారు. నూటయాభై ఏళ్ల తర్వాత మోరిస్ 1881లో మెర్టన్ ఆబీలో వర్క్‌షాప్ పెట్టి అదే నీలి తొట్టితో కుస్తీపట్టాడు. ముందు బట్టంతా నీలిలో ముంచి, తర్వాత డిజైన్ ఉన్నచోట రంగు తీసేసే పద్ధతి.

నిర్వాహకుడు
లడ్డు గారూ, బాగుంది కానీ కలంకారీకి వేరే దారం ఉంది. ఇక్కడ ఇంటి గురించే మాట్లాడదాం.

బందరు_లడ్డు
సరేనండి. ఒక్క మాట, వాయ్‌జీ కూడా బట్టలకు, వాల్‌పేపర్లకు డిజైన్లు అమ్మేవాడు. ఇళ్ల పనులు లేని రోజుల్లో ఆయన ఇల్లు గడిచింది వాటితోనే. ఇక నోరు మూసుకుంటా.

రాతిగుండె
నేను కొంచెం వేరే మాట చెప్తా. ఈ ఉద్యమాన్ని మరీ నెత్తికెత్తుకుంటున్నారు. "చేతిపని, నిజాయితీ, పేదవాడి కొట్టం" అని కబుర్లు. కట్టించుకున్నది ఎవరు? బ్యాంకర్లు, వ్యాపారులు, పుస్తకాలు బాగా అమ్ముడైన రచయితలు. ఊరివాడు సహజంగా కట్టుకున్న ఇంటిని చూసి, దానికి పదింతలు ఖర్చు పెట్టి ఊరివాడి ఇల్లులా కట్టించుకోవడం. మన దగ్గర రిసార్టుల్లో తాటాకు గుడిసెకు రాత్రికి పదివేలు తీసుకున్నట్టు.

విశ్రాంత_మాస్టారు
ఈ మాటలో నిజం ఉంది. మోరిస్‌నే ఇది కాల్చేసింది, అందుకే సోషలిస్టు అయ్యాడు. కానీ వెల్స్‌ను ఆ బ్యాంకర్ల గుంపులో వెయ్యకండి. ఆయన పుట్టింది బ్రామ్లీలో చిన్న పింగాణీ సామాన్ల కొట్టు వెనక. వంటిల్లు నేల మాళిగలో, వెలుతురు వీధి జాలీ మీంచి పడేది. తల్లి తర్వాత అప్పార్క్ అనే జమీందారీ భవంతిలో హౌస్‌కీపరుగా చేసింది. పనివాళ్లు నేల కింద సొరంగాల్లోంచి తిరిగే ఇల్లు అది. నేల మాళిగలో వంట చేసి, నాలుగంతస్తులు బొగ్గు, నీళ్లు, పళ్లేలు మోసే ఆడవాళ్లను చూస్తూ పెరిగిన మనిషి. స్పేడ్ హౌస్‌లో ఉండగా 1905లో అచ్చయిన కిప్స్ నవలలో పనిమనిషిగా చేసిన పిల్ల ఇళ్లు వెతుకుతూ ఈ మెట్ల మీదే మండిపడుతుంది. పనిమనుషులు మనుషులే కాదన్నట్టు కట్టారు ఈ కొంపలు అని.

కాబట్టి మెట్ల సంగతి ఒక్క జబ్బుతోనే పుట్టలేదు అంటాను. ఇది నా అభిప్రాయం, ఎక్కడా రాసి లేదు.

రాతిగుండె
ఒప్పుకుంటా. వెల్స్ వరకు మినహాయింపు ఇచ్చాను. మిగతావాళ్లకు లేదు.

ఇస్పేటు_రాణి
రాతిగుండె గారు కరిగారు, నమోదు చేసుకోండి 😂

తీరంవెంట
ఆలస్యంగా వచ్చాను. సముద్రం ఒడ్డు ఇళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక మంచి ఇల్లు కలపనివ్వండి. డెవన్‌లో ఎక్స్‌మత్ దగ్గర "ద బార్న్". బార్న్ అంటే కొట్టమే, కడలి గారికి నచ్చుతుంది. అదే ఉద్యమానికి చెందిన ఆర్కిటెక్టు ఇ.ఎస్. ప్రయర్ 1896లో మొదలుపెట్టిన ఇల్లు.

దీని ప్లాను చూడండి. మధ్యలో హాలు, దాని రెండు వైపులా రెక్కలు ఏటవాలుగా తెరుచుకుని ఉంటాయి, పైనుంచి చూస్తే వాలిన సీతాకోకచిలుక. రెండు రెక్కల మధ్య సముద్రం వైపు చావడిలాంటి జాగా ఏర్పడుతుంది. గాలి తగలదు, ఎండ మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏదో ఒక గోడ మీద ఉంటుంది. మామూలు పెట్టె ఆకారం ఇంట్లో సముద్రం కనపడే గదులు ఒకే వరసలో ఉంటాయి. ఇక్కడ రెక్కల్లోని గదులకు కూడా సముద్రం కనపడుతుంది. "బటర్‌ఫ్లై ప్లాన్" అని తర్వాత చాలామంది కాపీ కొట్టారు. ఇంగ్లిష్ ఇళ్ల మీద పరిశోధించిన జర్మన్ ముథెసియస్ దీన్ని తమ దేశంవాళ్లకు చూపించాడు.

గోడల్లో అక్కడి ఎర్ర ఇసుకరాయి, ఒడ్డున దొరికే గుండ్రాళ్లు. కప్పు గడ్డి కప్పు. 1905లో ఆ గడ్డికి నిప్పంటుకుని కాలిపోయింది. మళ్లీ కట్టినప్పుడు పలకరాయి వేశారు.

కొత్తిల్లు2
గడ్డి కప్పు మీద పొగగొట్టాలు! మా అమ్మమ్మ చెప్పేది, వేసవిలో పక్కింటి పొయ్యి నిప్పురవ్వకు వాడంతా తగలబడిందని.

తీరంవెంట
అదే. ప్రయర్ మాత్రం ఆగలేదు. నార్ఫక్‌లో హోమ్ ప్లేస్ అనే ఇంకో సీతాకోకచిలుక ఇల్లు కట్టాడు, 1903 నుంచి 1905. దానికి కంకర బయటి నుంచి తేలేదు. ఇంటి ముందే గొయ్యి తవ్వి, ఆ కంకరతో కాంక్రీటు పోసి గోడలు లేపాడు. తవ్విన గొయ్యి పల్లపు తోట అయింది. చేతిపనులవాళ్లంటే సిమెంటు ముట్టరనుకునేవాళ్లకు ఈ ఇల్లు చూపిస్తుంటాను.

సున్నంబట్టి
👏 నేను చెప్పాలనుకున్నది మీరు చెప్పారు. ఈ మధ్య "పాతదంటే సున్నం, కొత్తదంటే పాపం" అనే బ్యాచ్ తయారైంది.

కడలి_కబురు
సున్నం మాట వచ్చింది కనక నా అసలు బాధ బయటపెడతాను. ఈ దారం మొదలుపెట్టడానికి సగం కారణం అదే.

భీమిలిలో మా ఇల్లు తాతగారు కట్టింది. ఇటుక, గానుగ సున్నం. పైన పెంకు. మూడేళ్ల కిందట నేను ఇక్కడి నుంచి డబ్బు పంపి మరమ్మతు చేయించాను. కాంట్రాక్టరు ఒకాయన సున్నం పూత మొత్తం గీకించి సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, మీద ప్లాస్టిక్ పెయింట్ వేశాడు. ఫొటోలో అద్దంలా ఉంది. మొన్న సంక్రాంతికి వెళ్తే సముద్రం వైపు గోడ నడుము ఎత్తు దాకా పొక్కులు. వేలి కణుపుతో కొడితే డొల్లగా డబడబమంది. ఒక పొక్కు గోటితో గిల్లితే అప్పడంలా ఊడొచ్చింది. వెనక ఇటుక తడిగా, దాని మీద తెల్లటి పొడి, నాలిక్కి తగిలిస్తే ఉప్పు. అమ్మ "మీ తాత వేసిన గోడ అరవై ఏళ్లు ఉంది, నీ గోడ మూడేళ్లు కూడా లేదు" అంది. ఎంతకాలం గుర్తుంటుందో ఆ మాట.

సున్నంబట్టి
నాలిక్కి తగిలించారా! మా పనిలో అందరం చేసేదే, ఎవరికీ చెప్పం.

జరిగింది ఇది. ఆ గోడ నేలలోంచి తడి పీలుస్తుంది, గాలిలోంచి ఉప్పు పడుతుంది. సున్నం పూత ఉన్నప్పుడు ఆ తడి మెల్లగా బయటికి ఆరిపోయేది. ఉప్పు పూత పైపైన పేరుకునేది, ఏటా సంక్రాంతికి వెల్ల వేసేటప్పుడు రాలిపోయేది. ఏటేటా వెల్ల వేయడం ముస్తాబు కాదు, మెయింటెనెన్స్. మీవాళ్లు బయట సిమెంటు, దాని మీద ప్లాస్టిక్ రంగు కప్పేసరికి తడికి దారి మూసుకుపోయింది. అది సిమెంటు వెనకే ఆగి, అక్కడే ఉప్పు గడ్డకట్టి, గడ్డకట్టేటప్పుడు పెరిగి పూతను నెట్టేసింది.

ఇంగ్లండ్‌లో పాత సున్నపు గోడల మీద తర్వాత సిమెంటు కప్పినచోట ఇదే గొడవ. అందుకే అక్కడ మరమ్మతుకు ముందు, కింద ఉన్న పూత ఏంటో చూసి దానికి సరిపడే ముద్దే కలుపుతారు.

కడలి_కబురు
ఇప్పుడేం చెయ్యాలి?

సున్నంబట్టి
ఫొటో చూడకుండా చెప్తున్నా, కాబట్టి మీ ఊరి దగ్గర సున్నం పని తెలిసిన మేస్త్రికి ఒకసారి చూపించండి. నేనైతే ముందు ఆ గోడకున్న సిమెంటు మొత్తం ఊడదీయిస్తాను, జాగ్రత్తగా, డ్రిల్లు మెషీన్ పెట్టకుండా. తర్వాత ఒక ఎండాకాలం గోడను అలాగే వదిలేస్తా. ఇదే ఎవరూ వినరు. "ఇంటికి బట్టల్లేకుండా ఎలా వదిలేస్తాం, చుట్టాలొస్తారు" అంటారు. ఆరనివ్వండి. పైకొచ్చిన ఉప్పు పొడి బ్రష్షుతో దులపండి, నీళ్లతో కడగొద్దు, కడిగితే మళ్లీ లోపలికే. ఆ తర్వాత బాగా నానిన సున్నం, గానుగ ఆడినది దొరికితే అదృష్టం. మావైపు డంగు సున్నం అంటాం. సముద్రం ఒడ్డు ఇసుక మాత్రం వాడనివ్వకండి, అందులో ఉప్పే ఉంటుంది. ఏటి ఇసుక.

సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలపాలని పెద్దవాళ్లు చెబుతారు. మా పనిలోనూ వాడతాం. కానీ ఇసుక ఉప్పుదైతే ఎంత బెల్లం పోసినా దండగ.

కొత్తిల్లు2
మరి కడలి గారి గోడకి ఆ రఫ్‌కాస్ట్ వేస్తే?

సున్నంబట్టి
సున్నంతో వేస్తే వేయొచ్చు. కానీ వేసేవాడి చెయ్యి తిరిగి ఉండాలి. బలంగా విసిరితే వెనక్కి ఎగిరి మొహానికే తగులుతుంది, మెల్లగా విసిరితే అంటదు. మొదటిరోజు నేర్చుకునే కుర్రాడి చొక్కా చూస్తే గోడకంటే వాడికే ఎక్కువ పట్టి ఉంటుంది.

రాతిగుండె
మాస్టారూ, ఒకటి అడుగుతా. వెల్స్ భవిష్యత్తు మనిషి కదా. చివరికి ఈ పాతకాలపు ఇల్లు ఆయనకు నచ్చిందా?

విశ్రాంత_మాస్టారు
నచ్చే ఉంటుంది, తొమ్మిదేళ్లు ఉన్నాడు. కానీ చెయ్యి ఊరుకోలేదు. ఆ ఇంట్లోనే కూర్చుని ఒక ఆదర్శ లోకం గురించి రాశాడు, 1905లో వచ్చింది. అందులో ఒక గది వర్ణన ఉంది. మురికి చేరడానికి మూలలే ఉండవు, గోడ నేలతో వంపు తిరిగి కలిసిపోతుంది, యంత్రంతో నాలుగుసార్లు తుడిస్తే శుభ్రం. పొయ్యిగూడు లేదు, వెచ్చదనానికి గోడ మీద మీటలు. ఇంగ్లిష్ ఇంట్లో పొయ్యిగూడు అంటే మన దేవుడి గూడు లాంటిది. వాయ్‌జీ ఇళ్లలోనైతే హాలుకు అదే ప్రాణం. దాన్ని పీకేశాడు!

వాయ్‌జీది ఇంకో కథ. 1936లో పెవ్‌స్నర్ అనే చరిత్రకారుడు ఈయన్ని ఆధునిక వాస్తుకు ఆద్యుల్లో ఒకడని పొగిడితే ముసలాయన మురిసిపోలేదు, చికాకు పడ్డాడు. ఆ చదును కప్పుల ఇళ్లతో నాకేం చుట్టరికం అని. ఆయన తండ్రి పాదిరి. శాశ్వత నరకం అనేది లేదని ప్రసంగాలు చేసి 1871లో చర్చి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అనుకున్నది మార్చుకోకపోవడం వాళ్ల ఇంటి లక్షణం అనుకుంటా.

తీరంవెంట
కడలి గారూ, ఈసారి వెళ్లినప్పుడు ఆ వాలు కూడా గమనించండి. 1893లో శాండ్‌గేట్‌లో నేల జారి చాలా ఇళ్లు దెబ్బతిన్నాయి. అది జరిగి పదేళ్లు కూడా కాకముందే అదే ఊళ్లో కొండవాలు మీద ఇల్లు మొదలుపెట్టాడంటే ధైర్యమే.

కడలి_కబురు
నెల తర్వాత రాస్తున్నా. మేస్త్రి దొరికాడు, డెబ్బై ఏళ్లాయన. వీడియో కాల్‌లో గోడ మీద చెయ్యి పెట్టి "దీని ఊపిరి మూసేశారు బాబూ" అన్నాడు. సున్నంబట్టి గారు రాసిందంతా ఆ ఒక్క ముక్కలో చెప్పేశాడు. సిమెంటు ఊడదీయడం మొదలైంది. ఎండలు అయ్యేదాకా గోడ అలాగే ఉంటుంది.

వెల్స్ సంగతి అమ్మకి చెప్పాను. మొత్తం విని "ఆయనకున్న బుద్ధి నీకేది" అంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పడక మేడ మీద. నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. ఇప్పుడు కింద పెరటి వైపు గదిని పడకగదిగా మారుస్తున్నాం, గడపలు తీసేస్తున్నాం. వీధి గుమ్మం గడప మాత్రం ఉండాల్సిందేనట, పసుపు రాయాలి కదా. దానికో చిన్న వాలు పలక చేయిస్తున్నాను.

ఇస్పేటు_రాణి
మరి ఉత్తరాల డబ్బా మీద ఏ గుర్తు?

కడలి_కబురు
కళావరు అన్నాను. "వీధిలోవాళ్లు పేకాట క్లబ్బు అనుకుంటారు, చేప బొమ్మ పెట్టించు" అంది అమ్మ. చేపే.